విండోస్ పక్కన లినక్స్: మొదటి నెలలో ఎదురయ్యే చిక్కులు, వాటిని విప్పుకునే పద్ధతి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని కంప్యూటర్లను, ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందటి ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో దాదాపు అన్నిటినీ విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. అందువల్ల ఇంకా చక్కగా పనిచేస్తున్న ఎన్నో ల్యాప్‌టాప్‌లు ముందుకు వెళ్లే దారిలేక నిలిచిపోయాయి. వాటిని మూలన పడేయడానికి మనసొప్పక లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వైపు చూస్తున్నవారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణకు లినక్స్ మింట్ 22ను, దాని సినమన్ డెస్క్‌టాప్‌ను తీసుకున్నాను. ఇది ఉబుంటు 24.04 పునాదిపై నడుస్తుంది, 2029 వరకు దీనికి అప్‌డేట్లు అందుతాయి. వేరే లినక్స్ వాడేవారికి మెనూల పేర్లు కొద్దిగా మారవచ్చు గాని, చిక్కులకు కారణాలు మాత్రం ఇవే.

కొత్తగా మారినవారు చెప్పే ఫిర్యాదులను వరుసగా విన్నప్పుడు నాకు ఒక సంగతి స్పష్టమైంది. వాటిలో ఎక్కువ భాగం లినక్స్ లోపల పుట్టినవి కావు. రెండు వ్యవస్థలు ఒకే డిస్కును, ఒకే గడియారాన్ని, ఒకే బూట్ మెనూను, ఒకే పత్రాన్ని పంచుకోవలసి వచ్చిన చోట పుట్టినవి. అందుకే ఏ చిక్కు వచ్చినా ముందుగా అది పొలిమేరకు ఏ వైపున ఉందో తేల్చుకోవాలి. లినక్స్‌లో కనిపించే సమస్యకు మందు చాలాసార్లు విండోస్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేయకముందు ఒక సాయంత్రం

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను లైవ్‌గా నడిపి చూడగలగడం మనకున్న పెద్ద వెసులుబాటు. హార్డ్‌డిస్కులో ఒక్క అక్షరం కూడా మారదు. విండోస్‌లోనే రూఫస్ లేదా వెంటాయ్ అనే ప్రోగ్రాము ద్వారా పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, దాని నుంచి బూట్ చేసి, కనీసం ఒక గంటసేపు నిజమైన పనులు చేయండి. వైఫై కలుస్తున్నదా, శబ్దం వస్తున్నదా, తెర వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే కంప్యూటర్ మళ్లీ మేలుకుంటున్నదా, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కలుస్తున్నాయా, మీ ప్రింటర్ నుంచి ఒక్క కాగితమైనా బయటికి వస్తున్నదా అని చూసుకోండి. లైవ్‌లో పనిచేసినది ఇన్‌స్టాల్ చేశాక కూడా పనిచేస్తుందని దాదాపు నమ్మవచ్చు. లైవ్‌లో పనిచేయనిదాన్ని కాగితంపై రాసుకుని, దాని పరిష్కారం దొరికిన తర్వాతే ముందుకు వెళ్లండి.

అదే సాయంత్రం విండోస్ వైపు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేయడం. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. మీరు ఎన్నడూ ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రారంభించిన అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్కు గుప్తీకరణ తనంతట తానే మొదలై ఉంటుంది. బూట్ క్రమాన్నో, గుర్తింపు ఉన్న వ్యవస్థలనే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌నో మార్చిన మరుక్షణం విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అది లేకపోతే ఆ డిస్కులోని ఫైళ్లు ఇక దక్కవు. కాబట్టి ఆ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెదికి, కాగితంపై రాసి పెట్టుకోండి. మూడోది, లినక్స్‌కు కావలసిన ఖాళీ జాగాను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తయారుచేయడం. బిట్‌లాకర్ ఉన్న భాగాన్ని లినక్స్ ఇన్‌స్టాలర్ కుదించలేదు. బిట్‌లాకర్ లేని చోట కూడా విండోస్ భాగాన్ని విండోస్ చేతనే కుదింపజేయడం క్షేమం.

ఇన్‌స్టాలర్ తెరుచుకుంది గాని డిస్కే కనిపించడం లేదంటే, ఇంటెల్ ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో కారణం తరచుగా ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ అనే అమరిక. బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, స్టోరేజ్ విధానం ఏహెచ్‌సీఐ బదులు రెయిడ్ అనో ఆర్‌ఎస్‌టీ అనో ఉంటుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో వీఎండీ కంట్రోలర్ అనే పేరుతో ఉంటుంది. దాన్ని నేరుగా ఏహెచ్‌సీఐకి మార్చేస్తే డిస్కు లినక్స్‌కు కనిపిస్తుంది గాని, విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది. అలా జరిగితే కంగారుపడవద్దు, పాత అమరికకు మారిస్తే విండోస్ మళ్లీ లేస్తుంది. సరైన వరుస ఇది: ముందు విండోస్‌లో ఎంఎస్ కాన్ఫిగ్ తెరిచి సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టాలి. తర్వాత రీస్టార్ట్ చేసి, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, విండోస్‌ను ఒకసారి సేఫ్ మోడ్‌లో లేవనివ్వాలి. అప్పుడు అది కొత్త డ్రైవర్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాత సేఫ్ మోడ్ టిక్కు తీసేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఖాతా పాస్‌వర్డును, బిట్‌లాకర్ కీని దగ్గర ఉంచుకుని మొదలుపెట్టండి.

డి డ్రైవ్ తెరుచుకుంటుంది, రాయనివ్వదు

ఇది అందరికంటే ముందు వచ్చే ఫిర్యాదు. లినక్స్‌లో విండోస్ డిస్కు కనిపిస్తుంది, ఫొటోలు తెరుచుకుంటాయి. కొత్త ఫైలు పెట్టబోతే మాత్రం చదవడానికే అనుమతి ఉందని సందేశం వస్తుంది, ఒక్కోసారి డిస్కు అసలు తెరుచుకోదు. కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. ఆ సౌకర్యం ఆన్‌లో ఉన్నప్పుడు, మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం) స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ లేచినప్పుడు అక్కడి నుంచే అందుకుంటుంది. ఆ నిద్రలో ఉన్న డిస్కులో మరో వ్యవస్థ రాస్తే, విండోస్ లేచేసరికి తన లెక్కకూ డిస్కు లెక్కకూ పొంతన కుదరక ఫైళ్లు చెడిపోతాయి. అంటే లినక్స్ ఇక్కడ మొండికేయడం లేదు, మీ ఫైళ్లను కాపాడుతున్నది.

దీనికి మందు విండోస్ వైపే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీకి వెళ్లి, 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' అన్న టిక్కు తీసేయండి. ఆ టిక్కు బూడిదరంగులో ఉండి కదలకపోతే, అదే పేజీలో పైన ఉన్న 'చేంజ్ సెట్టింగ్స్' లింకును ముందు నొక్కాలి. తాత్కాలికంగా అయితే, విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి వస్తే చాలు, ఎందుకంటే రీస్టార్ట్ ఎప్పుడూ పూర్తిగానే ఆపుతుంది. విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత ఈ టిక్కు తిరిగి రాలేదు కదా అని ఒకసారి చూసుకోవడం మంచిది. ఆ నిద్ర ఫైలును లినక్స్ నుంచి బలవంతంగా చెరిపేసే ఆదేశాలు కొందరు సూచిస్తారు. విండోస్‌లో భద్రపరచని పని ఏదైనా ఉంటే అది దానితోపాటే పోతుంది గనుక నేను వాటిని సిఫారసు చేయను.

సి, డి అనే పేర్లు లినక్స్‌లో లేవన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీ సొంత ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో ఉంటాయి, విండోస్ భాగాలు ఫైల్ మేనేజర్‌లో ఎడమవైపు డిస్కులుగా కనిపిస్తాయి. పేర్లలో ఇంగ్లిష్ పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ లినక్స్ తేడా చూస్తుంది కాబట్టి, ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నట్టు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

గడియారం ఐదున్నర గంటలు తప్పితే

లినక్స్ వాడి, తిరిగి విండోస్‌లోకి వెళ్లగానే సమయం ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. చాలామంది మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందనుకుని మార్పిస్తారు. బ్యాటరీ బాగానే ఉంటుంది. ఆ తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ఉండటమే అసలు ఆధారం, ఎందుకంటే భారత ప్రామాణిక సమయానికీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకీ మధ్య దూరం అంతే. మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది, యూటీసీ ఉందని లినక్స్ అనుకుంటుంది. ఉదయం పది గంటలకు లినక్స్ ఇంటర్నెట్‌తో సమయం సరిచూసుకుని, మదర్‌బోర్డు గడియారంలో నాలుగున్నర అని రాస్తుంది. విండోస్ లేచి ఆ నాలుగున్నరనే మన సమయంగా చూపిస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరికతో ఆగిపోతున్నా మొదట గడియారాన్నే అనుమానించండి.

ఇద్దరిలో ఒకరి అలవాటు మార్చాలి. సులువైన దారి, ఆదేశాలను టైప్ చేసే కిటికీ అయిన లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశానికి సెట్-లోకల్-ఆర్‌టీసీ అనే మాటను, 1 అంకెను జోడించి ఇవ్వడం. అలా చేస్తే లినక్స్ కూడా స్థానిక సమయాన్నే వాడుతుంది, కాకపోతే ఈ అమరిక మంచిది కాదని ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరికకు ముఖ్య కారణం వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపే దేశాలు. మన దేశంలో ఆ పద్ధతి లేదు కాబట్టి ఇక్కడ దానివల్ల ఇబ్బంది రాదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవారు మాత్రం రెండో దారి పట్టడం మేలు: విండోస్ రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ వరకు వెళ్లి, రియల్ టైమ్ ఈజ్ యూనివర్సల్ అన్న నాలుగు మాటలను ఖాళీలు లేకుండా కలిపి ఒక డీవర్డ్ విలువను సృష్టించి, దానికి 1 ఇవ్వాలి. రెండు దారులూ ఒకేసారి పడితే మళ్లీ మొదటికొస్తుంది.

నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతున్నప్పుడు

విండోస్ అప్‌డేట్ తర్వాత బూట్ మెనూ మాయమైందంటే లినక్స్ చెరిగిపోయిందని అర్థం కాదు. బయోస్‌లో బూట్ వరుస మారి ఉంటుంది. కంప్యూటర్ లేచేటప్పుడు కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్ లేదా డిలీట్ నొక్కి బూట్ జాబితా తెరవండి. మింట్ ఆ జాబితాలో చాలా కంప్యూటర్లలో 'ఉబుంటు' అనే పేరుతో కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక, మింట్ పేరు లేదని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసినవారు ఉన్నారు. ఆ పేరును జాబితాలో పైకి జరిపితే సరిపోతుంది.

దీనికి తలకిందులుగా, గ్రబ్ అనే లినక్స్ బూట్ మెనూ వచ్చి అందులో విండోస్ పేరు లేకపోతే కారణాలు రెండు. గ్రబ్ 2.06 నుంచి ఇతర వ్యవస్థలను వెదికే ఓఎస్-ప్రోబర్‌ను అప్రమేయంగా ఆపేశారు. ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్‌లో ఉన్న గ్రబ్ ఫైలులో గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న వరుసకు ఫాల్స్ అని విలువ ఇచ్చి, టెర్మినల్‌లో సుడోతో, అంటే నిర్వాహకుడి అధికారంతో, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. రెండో కారణం, విండోస్ పాత లెగసీ బూట్ పద్ధతిలోనూ లినక్స్ కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలోనూ ఇన్‌స్టాల్ కావడం. అప్పుడు ఒకటి మరొకదాన్ని పిలవలేదు. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో 'బయోస్ మోడ్' అన్న వరుస చూసి, పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో బూట్ చేసి ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఈ చిక్కే రాదు.

2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత, పాత బూట్ ఫైళ్లున్న లినక్స్‌లు సెక్యూర్ బూట్ దగ్గర ఆగిపోయి, తెరపై ఎస్‌బ్యాట్ అన్న మాటతో సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ సందేశం చూపించాయి. పాత పెన్‌డ్రైవ్‌లతో ఇప్పటికీ అది కనిపించవచ్చు. అలాంటప్పుడు కొత్త ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దింపుకుని పెన్‌డ్రైవ్ మళ్లీ తయారుచేయండి. లినక్స్ ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉంటే, బిట్‌లాకర్ కీ చేతిలో పెట్టుకుని సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌ను పూర్తిగా అప్‌డేట్ చేసి, తిరిగి ఆన్ చేయండి.

వైఫై, గ్రాఫిక్స్, నీలిరంగు తెర

వైఫై లేక డ్రైవర్ దొరకదు, డ్రైవర్ లేక వైఫై రాదు. ఈ చిక్కుముడిని విప్పడానికి మీ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫోన్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే, లినక్స్ దాన్ని తీగతో వచ్చిన నెట్‌వర్క్‌గా వెంటనే గుర్తిస్తుంది. తర్వాత మింట్‌లోని 'డ్రైవర్ మేనేజర్' తెరిస్తే, బ్రాడ్‌కామ్ వైఫై చిప్పు ఉన్న ల్యాప్‌టాప్‌కు కావలసిన డ్రైవర్‌ను అదే చూపిస్తుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్‌కు కూడా దారి ఇదే. 'రికమెండెడ్' అని గుర్తు ఉన్నదాన్నే ఎంచుకోండి. ఎన్‌విడియా వెబ్‌సైటు నుంచి విడిగా దింపి వేసుకున్న డ్రైవర్ కెర్నెల్ మారినప్పుడల్లా తలనొప్పి తెస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లేచేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే, బూట్ మెనూలో 'కంపాటిబిలిటీ మోడ్' ఎంచుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక అదే జరిగితే, గ్రబ్ మెనూలో లినక్స్ పేరు మీద ఉండగా ఇంగ్లిష్ ఇ అక్షరం నొక్కి, 'క్వైట్ స్ప్లాష్' అన్న మాటల తర్వాత 'నోమోడ్‌సెట్' అని చేర్చి, ఎఫ్10తో లేపండి. అది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. లోపలికి వచ్చి సరైన డ్రైవర్ వేసుకున్నాక మళ్లీ దాని అవసరం రాదు.

సెక్యూర్ బూట్ ఉన్న కంప్యూటర్లలో ఇలాంటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టుకోమని అడుగుతుంది. రీస్టార్ట్ అవగానే నీలిరంగు తెరపై 'మోక్ మేనేజ్‌మెంట్' అనే మెనూ కొన్ని క్షణాలు మాత్రమే నిలుస్తుంది. అందులో 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డు ఇవ్వాలి. నేను మొదటిసారి అదేదో లోపం అనుకుని దాటేశాను. డ్రైవర్ ఉన్నా పనిచేయకపోవడానికి కారణం వెదుకుతూ ఒక రోజంతా గడిచింది. ఆ తెరను దాటేసి ఉంటే డ్రైవర్‌ను తీసేసి, మళ్లీ వేసి, ఈసారి తెర దగ్గర కూర్చుని ఉండండి.

శబ్దం రాకపోతే ముందుగా సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా ఏది ఎంపికైందో చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీ కలిపిన తర్వాత శబ్దం అక్కడే ఉండిపోవడం మామూలే.

తెలుగు రాయడం, తెలుగు చదవడం

ఇక్కడ కొంచెం నిలబడి చెప్పవలసింది ఉంది, ఎందుకంటే లినక్స్‌కు మారి తిరిగి వెళ్లిపోయిన తెలుగువారిలో చాలామంది చెప్పే కారణం టైపింగే. విండోస్‌లోని తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ వరుసలో ఉంటుంది. దానికి అలవాటుపడ్డవారు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డు, ఆపైన లేఅవుట్లు తెరిచి తెలుగును చేర్చుకుంటే సరి. అదే జాబితాలో సరళ, కగప అనే వేరే తెలుగు అమరికలు కూడా ఉంటాయి.

ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసి తెలుగు పొందే అలవాటున్నవారికి ఐబస్ అనే టైపింగ్ సాధనం కావాలి. మెనూలో 'ఇన్‌పుట్ మెథడ్' తెరిచి ఐబస్‌ను ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోండి. ఆ తర్వాత తప్పనిసరిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ ఒక్క మెట్టు దాటేసినందువల్లే టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు వచ్చి బ్రౌజర్‌లో రాకపోవడం వంటి వింతలు కనిపిస్తాయి. లాగిన్ అయ్యాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ వంటి పద్ధతులు ఉంటాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రూపొందించినది ఆర్‌టీఎస్, పాత తెలుగు ఇంటర్నెట్ చర్చలు దానిలోనే నడిచేవి. డీటీపీ పనిలో యాపిల్ కీబోర్డుకు చేయి అలవాటైనవారు యాపిల్ పద్ధతిని ప్రయత్నించాలి. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ వలె ఊహించి పదాలు సూచించే సౌకర్యం వీటిలో ఉండదు. మొదటి వారం చేయి తడబడుతుంది, నియమాలు పట్టుబడిన తర్వాత ఏ అక్షరం ఎలా వస్తుందో ముందే తెలుస్తుంది గనుక వేగం పెరుగుతుంది.

'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' తర్వాత వచ్చే 'వే' వత్తుగా మారకుండా ఆపాలంటే కనిపించని ఒక అక్షరం కావాలి. మీ కీబోర్డులో దానికి మీట దొరకకపోతే, కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి వదిలి, 2, 0, 0 అన్న అంకెలను, ఆ వెంటనే ఇంగ్లిష్ సి అక్షరాన్ని టైప్ చేసి ఎంటర్ నొక్కండి.

ఇక ఫాంట్లు. గౌతమి, వాణి, నిర్మల అనేవి విండోస్‌తో వచ్చేవి, లినక్స్‌లో ఉండవు. వాటితో రాసిన పత్రాన్ని తెరిస్తే అక్షరాలు వేరే ఫాంట్‌లో కనిపిస్తాయి, పేజీలు జరుగుతాయి. యూనికోడ్‌లో రాసినదైతే అక్షరం మాత్రం ఒక్కటి కూడా పోదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు ఫాంట్ల కోసం వెదికితే లోహిత్, నోటో, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన దొరుకుతాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి ఫాంట్లను గూగుల్ ఫాంట్స్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. రెండు వ్యవస్థల మధ్య తిరిగే పత్రాలకు నా సలహా ఒక్కటే: వీటిలో ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని విండోస్‌లోనూ లినక్స్‌లోనూ వేసుకుని, ఇకపై దానితోనే రాయండి. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు సన్నగా కనిపిస్తే, దాని సెట్టింగ్స్‌లో ఫాంట్ల కింద 'అడ్వాన్స్‌డ్' తెరిచి, భాషగా తెలుగును ఎంచుకుని మీకు నచ్చిన ఫాంట్ పెట్టవచ్చు. టెర్మినల్‌లో తెలుగు ఫైలు పేర్ల వత్తులు విడివిడిగా కనిపిస్తే భయపడవద్దు. కలిపి చూపించే శక్తి టెర్మినల్‌కు లేదు గాని, ఫైలు పేరు చెడలేదు.

అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ల సంగతి వేరు. వాటిలో దాగి ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల, చిహ్నాల సంకేతాలకు ఆ ఫాంట్ తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంట్ లేని చోట, అది విండోస్ అయినా సరే, అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఫైళ్లలో కొన్నిటిని లిబ్రేఆఫీస్ డ్రా తెరవగలదు గాని లోపలి సంకేతాలు అలాగే ఉంటాయి. మీ దగ్గర ఏళ్ల తరబడి కూడిన అను ఫైళ్లుంటే, విండోస్‌ను వదలకముందే యూనికోడ్‌లోకి మార్చుకుని, మార్చిన ప్రతి పేజీని మూలంతో సరిచూసుకోండి. మార్పిడిలో వత్తులు, అంకెలు తప్పడం సహజం. రోజూ పేజీలు కట్టే డీటీపీ ఆపరేటర్లకు పాత పనికి ఒక విండోస్ కంప్యూటర్ ఉంచుకోమని, కొత్త పనిని యూనికోడ్‌తో స్క్రైబస్ 1.6 అనే డీటీపీ ప్రోగ్రాములో మొదలుపెట్టి చూడమని చెబుతాను.

పత్రాలు, ప్రింటర్లు

మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైలు లిబ్రేఆఫీస్‌లో తెరిచినప్పుడు పేజీలు జరగడానికి ముఖ్య కారణం ఫాంటే. కాలిబ్రికి బదులు కార్లిటో, కాంబ్రియాకు బదులు కాలడియా అదే వెడల్పుతో తయారైన ఫాంట్లు కాబట్టి అవి ఉన్నాయో లేదో చూసుకోండి. తెలుగు అక్షరాల సైజు మార్చినా మారకపోవడం మరో సాధారణ చిక్కు. లిబ్రేఆఫీస్ ఇంగ్లిష్‌కు ఒక ఫాంట్‌ను, తెలుగు వంటి లిపులకు మరో ఫాంట్‌ను విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. 'ఫార్మాట్' మెనూలో 'క్యారెక్టర్' తెరిస్తే రెండు గడులు కనిపిస్తాయి, తెలుగు 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అన్న గడికి చెందుతుంది. అది కనిపించకపోతే ఆప్షన్స్‌లో భాషల కింద దాన్ని ఆన్ చేసి, భాషగా తెలుగును ఎంచుకోండి. ఉద్యోగ దరఖాస్తు, టెండరు వంటి రూపం మారకూడని పత్రాలను ఎప్పుడూ పీడీఎఫ్‌గానే పంపండి.

ఇటీవలి వైఫై ప్రింటర్లు చాలావరకు ఏ డ్రైవరూ లేకుండానే వాటంతట అవే జాబితాలో కనిపిస్తాయి. ఇబ్బంది పాత లేజర్ ప్రింటర్లతోనే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008 వంటివి తమ ఫర్మ్‌వేర్‌ను తమలో దాచుకోవు, ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరే దాన్ని పంపాలి. అందుకోసం హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్ ప్యాకేజీ అయిన హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా కావాలి. టెర్మినల్‌లో హెచ్‌పీ-సెటప్ నడిపితే ప్లగిన్‌ను అదే దింపుకుంటుంది. ప్రింటర్ కనిపిస్తున్నా కాగితం కదలకపోతే కారణం తరచుగా ఈ ప్లగిన్ లేకపోవడమే. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో తరచుగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 ఇంకా కష్టం. అది క్యాప్ట్ అనే క్యానన్ సొంత భాషలోనే మాట్లాడుతుంది, దాని డ్రైవర్ కొత్త లినక్స్‌లలో కుదురుకోవడానికి చాలా ఓపిక కావాలి. మీ జీవనాధారం ఆ ప్రింటర్ మీద ఉంటే, లైవ్ పెన్‌డ్రైవ్‌తో అది పనిచేసేదాకా విండోస్‌ను తీసేయవద్దు.

ప్రత్యామ్నాయం లేని ప్రోగ్రాములు

ఈఎక్స్ఈ ఫైలును రెండుసార్లు నొక్కితే లినక్స్‌లో ఏమీ జరగదు, జరగకపోవడమే క్షేమం. ప్రోగ్రాములను సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే తీసుకోవడం అలవాటు చేసుకోండి. టాలీప్రైమ్, ఫొటోషాప్, డెస్క్‌టాప్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లినక్స్‌కు తయారైనవి కావు. వైన్ అనే సాధనంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములు నడుస్తాయి. కానీ వ్యాపార లెక్కలను 'నడిస్తే నడుస్తుంది' అన్న దానిపై ఆధారపడి ఉంచడం సరికాదు. 16 జీబీ ర్యామ్ ఉంటే వర్చువల్‌బాక్స్‌లో విండోస్‌ను పెట్టుకోవచ్చు, 4 జీబీ మాత్రమే ఉంటే రెండు వ్యవస్థలనూ పక్కపక్కన ఉంచుకోవడమే దారి. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌తో పన్నుల, టెండర్ల పోర్టళ్లలో పనిచేసేవారు తమ టోకెన్‌కూ తమ పోర్టల్‌కూ లినక్స్ సాఫ్ట్‌వేర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి, గడువు తేదీ నాడు కాదు. ఆటల విషయానికొస్తే, స్టీమ్‌లోని ప్రోటాన్ వల్ల చాలా ఆటలు నడుస్తాయి. వాలరెంట్ వంటి, విండోస్ కెర్నెల్‌లో కూర్చునే కాపలా ప్రోగ్రామున్న ఆటలు మాత్రం నడవవు.

అప్‌డేట్లు, అడిగే పద్ధతి

టెర్మినల్‌లో పాస్‌వర్డు టైప్ చేస్తుంటే కొన్ని లినక్స్‌లలో చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పాడవలేదు, టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే డీప్యాకేజ్ (ప్యాకేజీలను వేసే సాధనం) లాక్ దొరకలేదని సందేశం వస్తే, వెనుక మరో అప్‌డేట్ నడుస్తున్నదని అర్థం. పది నిమిషాలు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ లాక్ ఫైలును చెరిపేయమని చెప్పే సలహాలను పాటించవద్దు, సగంలో ఉన్న అప్‌డేట్ తెగిపోతే చిన్న చిక్కు పెద్దదవుతుంది. మొదటి రోజే టైమ్‌షిఫ్ట్ తెరిచి రోజుకొక స్నాప్‌షాట్ తీసేలా పెట్టండి. ఏ డ్రైవరో బెడిసికొడితే నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. టైమ్‌షిఫ్ట్ మామూలుగా వ్యవస్థ ఫైళ్లనే కాపాడుతుంది, హోమ్ ఫోల్డర్‌లోని మీ పత్రాలకు వేరుగా బ్యాకప్ కావాలి.

సహాయం అడిగేటప్పుడు 'లినక్స్ పనిచేయడం లేదు' అని రాస్తే ఎంత తెలిసినవారైనా ఏమీ చెప్పలేరు. మెనూలో 'సిస్టమ్ రిపోర్ట్స్' (కొత్త మింట్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్') తెరిస్తే మీ కంప్యూటర్ చిప్పుల పేర్లు, కెర్నెల్ సంఖ్య, డ్రైవర్ల వివరాలు ఒకేచోట ఉంటాయి, వాటిని కాపీ చేసి జతపరచండి. సందేశాన్ని మీ మాటల్లో కాకుండా ఉన్నదున్నట్టు రాయండి. లైవ్ పెన్‌డ్రైవ్‌లో అదే పని జరిగిందా, చిక్కు మొదలయ్యే ముందు ఏం మార్చారు, విండోస్‌లోకి చివరిసారి ఎప్పుడు వెళ్లారు అన్న మూడు సంగతులూ చేర్చండి. జవాబుగా ఎవరైనా సుడోతో మొదలయ్యే ఆదేశం ఇస్తే, అది ఏం చేస్తుందో వారినే అడిగి, టైమ్‌షిఫ్ట్‌లో స్నాప్‌షాట్ తీసుకున్న తర్వాత మాత్రమే నడపండి.